ఓడలో లేని పూజారి

మతాథియాస్ సమాధుల తోటలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. తండ్రి పోయినప్పుడు, అంత దగ్గరివాళ్లకు నియమం సడలింపు ఇచ్చినా, గేటు దగ్గరే, రోడ్డు మీద నిలబడి మట్టి పడే చప్పుడు విన్నాడు. అతను కోహెన్. ఆరోను సంతతివాడు. పూర్వం యెరూషలేములోని యూదుల గుడిలో పూజారులుగా ఉన్నవాళ్ల వంశం కాబట్టి మరణానికి దూరంగా ఉండాలి. పండుగ ఉదయం మాత్రం, గ్రీసు దేశపు యానినా ఊరి కోటలోని పాత మందిరంలో, శాలువా తలమీదుగా లాక్కుని, రెండు చేతులూ చాచి జనాన్ని ఆశీర్వదించాలి. ముప్పై తొమ్మిదేళ్లుగా అతని చేత అయ్యే గొప్ప పని అదొక్కటే. మిగిలిన రోజుల్లో వెండి గిన్నెలకు నగిషీ చెక్కుతాడు.

భార్య పోయి పదకొండేళ్లు. ఇప్పుడు స్తమూలాను చేసుకోవాలనుకుంటున్నాడు. ఆమె దుప్పట్లు కుడుతుంది, ఎదుటివాడు మాట ముగించకముందే నవ్వేస్తుంది. మొదటి భర్త ఆమెను వదిలేశాడు. మందిరం గురువు రబ్బీ తల అడ్డంగా ఊపి ఒక్క మాటే అన్నాడు: “కోహెన్ విడాకులైన ఆమెను చేసుకోకూడదు నాయనా. నీకు తెలియనిది కాదు.”

ఆ సాయంత్రం అక్క ఎఫ్తీహియా సొరకాయ తరుగుతూ, తలెత్తకుండానే అంది.

“నాన్న వైపు తాత సమాధి ఆర్తా ఊళ్లో ఉంది. నాన్న మనల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాడా?”

“కోహెన్లం కదక్కా. సమాధి దగ్గరికి ఎలా వెళ్తాం?”

“సమాధి సంగతి సరే. ఊరు? అక్కడ చుట్టాలే లేరా మనకి? నేనడిగితే ప్రతిసారీ ఆ ఓడ కథ మొదలుపెట్టేవాడు.”

ఆ కథ ఊళ్లో అందరికీ తెలుసు. గుడి కాలిపోయాక బందీలను రోముకు తీసుకెళ్తున్న ఓడ ఒకటి తుఫానుకు ఈ తీరానికి కొట్టుకొచ్చిందనీ, దాంట్లోంచి ఈదుకుంటూ బయటపడ్డవాళ్లే మన పూర్వీకులనీ చెప్పుకుంటారు. తండ్రి చెప్పేటప్పుడు మాత్రం ఆ ఓడలో ఒక ముసలి పూజారి కూడా ఉండేవాడు. తడిసిన నార చొక్కా. చేతిలో ఏమీ లేదు. చిన్నప్పుడు మతాథియాస్‌కి మిగతా ప్రయాణికులెవరూ కనబడేవారు కాదు, ఆ ముసలాయన ఒక్కడే. ఇంకెవరి ఇంట్లోనూ కథలో ఆ పూజారి లేడని అతనికి ఆ రాత్రే తట్టింది.

రెండు రోజుల తర్వాత ఆర్తా బస్సెక్కాడు.

అక్కడి సమాధుల తోట కాపలాదారు సబ్బెతాయ్ ఎనభై దాటినవాడు. గోడకు అటు నుంచి ఇతన్ని ఎగాదిగా చూశాడు.

“లోపలికి రావేం? దయ్యాల భయమా?”

“కోహెన్ని తాతా.”

“ఓహో. అయితే ఎండలో ఉండు. మా కోహెన్లంతా నల్లబడింది ఇక్కడ నిలబడే. ఎవరు కావాలి నీకు?”

“యోసెఫ్. ఉప్పు మోసేవాడట. మా తాత.”

 సబ్బెతాయ్ కర్ర పోటేసుకుంటూ గడ్డిలోకి వెళ్లాడు. చాలాసేపు రాయిని గీకుతున్న చప్పుడు వినబడింది. మతాథియాస్ గోడమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తను ఏ జవాబు కోరుకుంటున్నాడో తెలుసుకుందామని లోపలికి చూసుకున్నాడు. కోరిక దొరకలేదు, భయం దొరికింది. ఆ భయం కూడా రెండు వైపులా సమానంగా ఉంది.

“చదువుతున్నా, విను,” అని అరిచాడు ముసలాయన. “యోసెఫ్, మన తండ్రి అబ్రహాము కొడుకు. అంతే.”

“మా ముత్తాత పేరు అబ్రహామా?”

“మీ ముత్తాత కాదయ్యా. మనందరి అబ్రహాము. బయటి నుంచి వచ్చి మనలో కలిసినవాడికి ఇంకెవర్ని రాస్తాం తండ్రిగా? తన నాన్న విగ్రహాలూ ఇల్లూ వదిలి వచ్చేసినవాడు ఆయనే కదా మొదట.” దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “మా నాన్న చెప్పేవాడు. కొండల మీదికి ఉప్పు మోసేవాడట. ఒక శుక్రవారం వానకి ఎవరింట్లోనో ఆగాడు. విశ్రాంతిదినపు దీపాలు చూశాడు, పాట విన్నాడు. మళ్లీ కొండెక్కలేదు. మంచివాడట. నీ మొహం చూస్తే ఎవరూ నీకు చెప్పలేదని తెలుస్తోంది.”

“ఎవరూ చెప్పలేదు.”

“అయితే ఇక ఎండలో ఎందుకు? బయటి నుంచి వచ్చినవాడి వంశంలో కోహెన్ ఉండడు. లోపలికి రా.”

గేటు తీసే ఉంది. కాలు లేవలేదు. మనసు ఒప్పుకున్నా, యాభై రెండేళ్లుగా ఆ గీత దాటని మోకాలు ఒప్పుకోలేదు. చివరికి సబ్బెతాయ్ మోచెయ్యి పట్టుకుని లాగాడు. రాయి చిన్నది, ఒక పక్కకు ఒరిగింది. మతాథియాస్ ఆచారం ప్రకారం దానిమీద గులకరాయి పెట్టి, తండ్రి గురించి ఆలోచించాడు. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆర్తా వదిలి యానినాకు, కొత్త ఊరికి వచ్చాడు. మందిరం గుమ్మంలో ఎవరో అడిగి ఉంటారు, ఎవరబ్బాయివి అని. ఆ కుర్రాడి తండ్రి వైపువాళ్లెవరూ రెండువేల ఏళ్ల కిందటి ఆ ఓడలో లేరు. కాబట్టి ఓడలో ఒకడిని ఎక్కించాడు. చిన్నప్పుడు ఆశీర్వచనం వేళ శాలువా కింద తండ్రి వేళ్లు వణకడం మతాథియాస్ చూశాడు. అది భక్తి అనుకున్నాడు.

సంగతి స్తమూలాకు ఒక్కదానికే చెప్పాడు. ఆమె ఈసారి నవ్వలేదు. సూదిలోంచి దారం జారిపోతే మళ్లీ ఎక్కించుకుంది.

“ఇక నన్ను చేసుకోవచ్చన్నమాట.”

“అందరికీ చెబితేనే. చెబితే మా నాన్న అబద్ధాలకోరు అవుతాడు.”

“చెప్పకపోతే?”

“నేనవుతాను.”

“చూడు, నీ దర్జా పోగొట్టింది ఈవిడేనని రేపు నన్ను సాధిస్తే ఊరుకోను. పండుగ వారంలో ఉంది. ఆశీర్వచనానికి లేచావనుకో, నాకు కోపం రాదు, కానీ ఇటు రాకు. కూర్చున్నావనుకో, ఈ దుప్పటి ఎవరికీ అమ్మను.”

పండుగ ఉదయం మందిరం కిక్కిరిసింది. ఆశీర్వచనానికి ముందు కోహెన్ల చేతులు కడగడం లేవీ వంశంవాళ్ల వంతు. రాగి చెంబూ పళ్లెమూ పట్టుకుని ఎలియాస్ ఎప్పటిలాగే మొదట మతాథియాస్ దగ్గరికే వచ్చాడు. చిన్నప్పటి నేస్తం.

“లే. ఏం, మోకాళ్లు పట్టేశాయా?”

“లేదు.”

“మరి? చెంబు బరువుగా ఉందిరా.”

“నాకు పొయ్యొద్దు ఎలియా. నేను కోహెన్ని కాను. మా తాత ఆర్తాలో మన మతంలోకి వచ్చినవాడు. రాయి మీద ఉంది, చదివాను.”

ముందు వరస తలలు తిరిగాయి. ఎవరో దగ్గారు. రబ్బీ పుస్తకంలో వేలు పెట్టి ఉంచి ఇటు చూసి, మెల్లగా తల ఊపాడు. ఎలియాస్ చెంబు కిందికి దించి, “మరి ఇన్నేళ్లూ నీకు పోసిన నీళ్లు?” అన్నాడు.

“చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా.”

మిగిలిన ముగ్గురు కోహెన్లూ వేదిక ఎక్కారు. అతను నిలబడే చోటు వదిలేసి వరస కట్టారు, తర్వాత ఒకడు జరిగి ఆ ఖాళీ మూసేశాడు. పాట మొదలైంది. ఆ మాటలు అతనికి లోపలి నుంచే తెలుసు, తన ఊపిరితో, తన గొంతుతో. ఇటు నుంచి వినడం ఇదే మొదటిసారి. పక్కవాళ్లంతా తల వంచారు. అతనూ వంచాడు. అలవాటుగా పైకి లేవబోయిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

పై అంతస్తులో ఆడవాళ్లు కూర్చునే వైపు నుంచి, పాట పూర్తికాకముందే, ఎవరో నవ్వు ఆపుకున్నట్టు వినబడింది.