మే పదో తేదీ సినిమా

మొక్కజొన్న రొట్టె పెనం మీద పొంగే వేళకి హాల్లో టీవీలోంచి బాకాలు మోగాయంటే అది రెండో పాట. కోడికూర మీద నువ్వులు చల్లుతుంటే వినబడేది లారీ హారన్ మధ్య పిల్లలంతా పాడే పాట. ఆ సినిమా నాకు చెవులతోనే తెలుసు. పెళ్లయి మెక్సికోలోని ఈ మొరేలియా ఊరికి వచ్చి ఇరవై రెండేళ్లు, ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. ఏటా మే పదిన, అమ్మల పండగ రోజు మధ్యాహ్నం రెండింటికి, సరిగ్గా మా భోజనాల వేళకి, టీవీలో వేస్తారు. రొట్టె చల్లారితే నా మొగుడు రెమిహియో ముట్టుకోడు. "ఏమే ముసలీ, ఇంకో నాలుగు వేడివి" అంటాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. మొదటిసారి అలా పిలిచినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ముద్దు పిలుపేనట.

అరవై ఏళ్ల కిందటి సినిమా. అయినా ఆ రోజు వీధి వీధంతా అవే పాటలు. మా అత్తగారు దోన్యా ఎతెల్వినాకి ప్రతి మాటా నోటికొచ్చు. నా కూతురు ఇట్సెల్‌ని నేనూ ఆ పాటలతోనే నిద్రపుచ్చాను. ఇల్లంతా కలిసి పాడుకునే ఇల్లొకటి ఉంటుందన్న ఆశ కాబోలు, ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. చివరి పాట తల్లిది. అది రాగానే హాల్లో అందరూ ముక్కులు చీదుతారు. పాపం ఆవిడ చచ్చిపోతోందనుకుని నేనూ పెనం ముందు ఏడ్చేదాన్ని. ఆవిడకేమవుతుందని ఒకసారి రెమిహియోని అడిగాను కూడా. "చూస్తే తెలిసేది. నీకెప్పుడూ తీరికుండదుగా" అని నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

ఈసారి చివరి పాటకి ముందు అత్తగారు ఇట్సెల్‌ని సోఫాలోంచి లేపారు. "పధ్నాలుగేళ్లొచ్చాయి. వెళ్లి మీ అమ్మ దగ్గర రొట్టె తిప్పడం నేర్చుకో. వచ్చే ఏటి నుంచి పెనం నీదే."

పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, మెడ వెనక్కి తిప్పి తెర వంకే చూస్తోంది. "అమ్మా, ఇదొక్కటీ చూసి వస్తానే" అంది. నా కూతురు ఒక పాట చూడ్డానికి నన్ను బతిమాలుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పొయ్యి ఆపేశాను. దాని చెయ్యి పట్టుకుని వెళ్లి, అది లేచిన చోటే ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం.

తెర మీద తల్లి చావడం లేదు. బొద్దుగా, నిక్షేపంలా ఉంది. ఊరి సంతలో, నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి కొడుకు చేతికిచ్చి, బల్లెక్కి గొంతెత్తి పాడుతోంది. మొగుడూ పిల్లలూ కింద నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మా హాల్లో అందరి కళ్లలోనూ నీళ్లు. ఇన్నేళ్లుగా వీళ్లు ఏడుస్తున్నది ఇందుకా? ఎవరో తల్లి పొయ్యి వదిలి బయటికొచ్చిందని మురిసిపోయా?

"రొట్టెలైపోయాయి" అన్నాడు రెమిహియో.

నేను లేవలేదు.

"పండగపూట ఏంటమ్మా ఇది" అన్నారు అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ. "ఆవిణ్ణి చూసి నేర్చుకో, తల్లంటే ఎలా ఉండాలో."

"అందుకే కూర్చున్నానత్తయ్యా."

రెమిహియో ఖాళీ బుట్ట పట్టుకుని లేచి, టీవీకీ నాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"పిండి గిన్నెలో ఉంది, పెనం పొయ్యి మీదుంది" అన్నాను. "ముందు పక్కకి జరుగు. పాట కనబడట్లేదు."