నాలుగు రోజుల నేత

మా నర్సింగ్ హోంలో పన్నెండు మంచాలు, నర్సును నేనొక్కదాన్ని. ఆరో మంచం మీద ఏకాంబరం, నగరి నేతగాడు. మిద్దె మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడింది. ఇంట్లో నెల రోజులు వెల్లకిలా పడుకునే ఉండడంతో వీపు కింద అరచేయంత పుండు పడింది.

భార్య చౌడమ్మ పక్కనే చాప వేసుకుని, రెండు గంటలకోసారి ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది. దానికి బిల్లు లేదు. బిల్లంతా పుండుకు కట్టే గాజుగుడ్డకే. ఇక డబ్బు కట్టలేకపోతే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆ పుండుతో ఇల్లు చేరితే మనిషి దక్కడని డాక్టరుకూ తెలుసు. చెప్పే పాపం మాత్రం నాది.

చౌడమ్మ ఏడవలేదు. గాజుగుడ్డ ముక్క ఒకటి తీసుకుని కిటికీ దగ్గర పోగులు లెక్కబెట్టింది.

"ఇంచికి ఇరవై పోగులు గూడా లేవే నర్సమ్మా! దీనికా ఇంత? నేనే నేసి తెస్తా. డాక్టరయ్యను అడుగు."

డాక్టరు నవ్వి సరేనన్నాడు. తాడిని తన్నేవాడి తల తన్నేదుంది కదా అని నాకు భలే సంబరమైంది.

"ఆయన్ని తిప్పతా ఉండమ్మా, మర్సిపోవద్దు," అంది బస్సుకు పోతూ.

"పోయిరా, నేను లేనా," అన్నాను. నావి రెండే చేతులని తెలిసే అన్నాను.

మొదటి రోజు నాలుగుసార్లు తిప్పాను. మర్నాడు రెండుసార్లు. తర్వాత వరసగా కాన్పులు, ఒక పాముకాటు. పుండుకు బరువు తగలకూడదని పొద్దున కుడి పక్కకు ఒత్తిగిల్లబెడితే, సాయంత్రం దాకా అలాగే ఉండేవాడు. పిలవడానికి మొహమాటం ఆయనకు.

ఐదో రోజు చౌడమ్మ మూటతో దిగింది. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నా ముఖం వెలిగిపోతోంది.

"గంజి పోయేదాకా మూడుసార్లు ఉడకేసినా. సూడు, నీళ్లెట్ల పీలుస్తాదో!"

నిజంగానే అంగడి గుడ్డకంటే మెత్తగా ఉంది. మూట నా చేతిలో పెట్టి ఆయన్ని తిప్పింది. కుడి తుంటి మీద చర్మం నల్లబడి చిట్లిపోయి ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గుడ్డ విప్పి రెండు పుండ్లకూ కొలిచింది.

"రెండిటికీ సాలదమ్మా. మళ్లా పోయి నెయ్యాల," అని నా ముఖంలోకి చూసింది.

ఈసారి "నేను లేనా" అనడానికి నాకు నోరు రాలేదు.