కిరాయి ఎంతైతే అంతే

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద లారీలు ఆగే చోట జాఫర్ పరదాలు కుట్టేవాడు. మైనం పట్టించిన దళసరి గుడ్డను కొలిచి, కత్తిరించి, పెద్ద మిషను మీద అతుకులు వేసి, అంచుల వెంట తాడు దూర్చే ఇత్తడి రింగులు బిగిస్తే అది లారీలో సరుకుకు కప్పు అవుతుంది, కల్లంలో కుప్పకు అడ్డం అవుతుంది. కుట్టడం జాఫర్ పని, అమ్మడం అతని భార్య అమీనా పని. జాఫర్‌కు నలుగురిలో నోరు పెగలదు. అమీనా మాత్రం లారీ డ్రైవర్లతో గట్టిగా బేరమాడి, చివరికి వాళ్ల చేతే చాయ్ తెప్పించుకునే మనిషి.

లారీల పని ఎప్పుడూ ఉండేదే. తొంభై ఒకటిలో అమీనా చూపు రైతుల మీద పడింది. పాలమూరు వైపు పల్లికాయ బాగా వేస్తున్నారని డ్రైవర్లు చెప్పుకునేవారు. పీకిన కాయ కల్లంలో ఎండాలి. ఆ ఎండే రోజుల్లో మొగులు పట్టిందంటే ఇంటిల్లిపాదికీ కునుకుండదు. అలాంటి ఇళ్లకు పరదా అమ్మడం కష్టమేమీ కాదని ఆమె లెక్క.

అక్కడ ఆమెకు తెలిసినవాడు రఘుపతి ఒక్కడే. ఇద్దరిదీ కట్టంగూర్, ఒకే వాడ. చిన్నప్పటి నుంచీ అన్నా అంటే చెల్లె అని పిలుచుకున్నవాళ్లు. రఘుపతి జడ్చర్ల పక్కన బాదేపల్లి మార్కెట్ ముందర విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. అమీనా అతనికి గుడ్డ ముక్కలు నమూనాకు ఇచ్చింది. అతను రైతులకు చూపించి, ఎవరికి ఎంత కొలత కావాలో ఫోన్లో చెప్పేవాడు. ఇక్కడ కుట్టిన పరదా లారీలో అక్కడికి చేరేది. రైతు దుకాణానికి వచ్చి, పరదా ధరా, లారీ కిరాయీ కట్టి పట్టుకెళ్లేవాడు. రఘుపతికి పరదాకు ఇంతని కమిషన్.

మొదటి ఏడు జాఫర్ మిషను దిగితే ఒట్టు. రెండో ఏడు, సరిగ్గా పల్లికాయ పీకే వేళకు, ఫోన్లు తగ్గిపోయాయి.

"రైతుల కాడ పైసల్లేవు చెల్లె. కాలం మంచిగ లేదు" అన్నాడు రఘుపతి ఫోన్లో.

అమీనా ఊ కొట్టింది గానీ ఆ మాట ఆమెకు దిగలేదు. పైసలు లేకపోతే, అదే తోవన ఇంకో దుకాణం వాళ్ల పరదాలు కట్టలు కట్టలుగా ఎలా పోతున్నాయి? తన కళ్ల ముందరే లారీ ఎక్కుతున్నాయి కదా.

"నేను బాదేపల్లికి పోయొస్త" అంది జాఫర్‌తో.

"పోయి ఏం చేస్తవు?"

"కొన్నోళ్లను అడుగుత. అమ్మినోడు చెప్పేది ఎప్పుడన్న సగమే ఉంటది."

సంత రోజు చూసుకుని పొద్దున్నే బస్సెక్కింది. నల్లగొండ, మల్లేపల్లి, కల్వకుర్తి దాటి బాదేపల్లిలో దిగేసరికి మార్కెట్ యార్డు నిండా పల్లికాయ కుప్పలే. రఘుపతి దుకాణం ఎదురుగానే కనిపిస్తోంది. ఆమె అటు పోలేదు. కొంగు తల మీదికి సవరించుకుని నేరుగా యార్డులోకి నడిచింది.

నాలుగు కుప్పలు దాటగానే ఒక ముసలాయన కనిపించాడు. తన కాయ పక్కన మడత పెట్టిన పరదా మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అది తమదేనని అంచు కుట్టు చూసే గుర్తుపట్టింది అమీనా.

"పెద్దయ్యా, గా పరదా ఏడ కొన్నవు?"

"గా రఘుపతి కాడ. నార్కట్‌పల్లి మాల్. నువ్వు గిన కొనేటట్టుంటే కొనకు బిడ్డా."

"ఎందుకట్ల?"

ఆయన పేరు జానయ్య, కల్వకుర్తి అవతల ఊరు. అడగడమే ఆలస్యం, బీడీ పక్కన పెట్టి మొదలుపెట్టాడు. "పరదాకు ఒక ధర, తెచ్చినందుకు ఇంకో ధర. అవతలి దుకాణపోడు సుత గట్లనే గుంజుతుండు గని, వాని పరదా ధరన్న తక్కువ. గీడ రెండూ ఎక్కువే. నల్లగొండకెల్లి వచ్చే లారీకి గంత కిరాయి ఎందుకయితది? ఢిల్లీకెల్లి వస్తుందా? సరే, అదీ పోనీ. కుట్టు కాడ కారుతది. మొన్నటి వానకు అడుగు కాయంత నల్లబడ్డది."

కిరాయి మాట వినగానే అమీనాకు సంగతి సగం అర్థమైంది. కానీ కుట్టు మాట ఆమెను ఎక్కువ పొడిచింది.

"ఒక్కసారి లే పెద్దయ్యా. జర చూస్త."

పరదా విప్పి రెండు చేతులా ఎండకు ఎత్తి పట్టింది. నడిమి అతుకు పొడవునా సూది బెజ్జాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఒంటి కుట్టు. రెండు కుట్లు వేసి, పైన మైనం రుద్దాల్సిన చోట ఒక్క కుట్టుతో వదిలేశారు. కిందటి ఏడు చేతినిండా పని ఉన్నప్పుడు, తొందర తొందరగా పంపిన వాటిలో ఇదొకటి అయ్యుండాలి.

ఆమె పరదా దించి మడిచింది. "ఇది నేను అమ్మిన మాలే పెద్దయ్యా. నా ఇంటాయన కుట్టింది. తప్పు మాదే. దీన్ని నేను తీస్కపోత. వారం దిరిగే లోపల కొత్తది వస్తది. తీస్కపోయే కిరాయి, తెచ్చే కిరాయి నేనే పెట్టుకుంట."

జానయ్య ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. తిట్టింది ఎవరినో తెలిసినందుకు ఆయనకేమీ నామోషీ కలగలేదు. "అయితే సరైన మనిషికే చెప్పిన" అన్నాడు.

అక్కడి నుంచి ఆమె రఘుపతి దుకాణానికి వెళ్లింది. అతను కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, చాయ్ చెప్పాడు. అమీనా కూర్చుంది గానీ నీళ్లు ముట్టలేదు.

"అన్నా, లారీలకు కిరాయి మాట్లాడేది నేను. ఎంతయితదో నాకు తెల్సు. నువ్వు రైతు కాడ తీస్కునేది దానికి రెండింతలుంది. మిగిలింది ఏడికి పోతాంది?"

రఘుపతి మొహం చిన్నబోయింది. అయినా దాచలేదు. "మాల్ దించే హమాలీ ఉన్నడు చెల్లె. పెట్టుకునే జాగాకు కిరాయి ఉన్నది. ఊర్లల్ల తిరిగి నమూనా చూపెడితే బస్సు ఛార్జీలున్నయి. నువ్విచ్చే కమిషన్ల గివన్ని ఎల్తయా? అందరు కిరాయిల్నే ఏస్తరు. రైతు కిరాయి గురించి ఎక్వ అడగడు."

"అడగడు. ఇంకోసారి కొనడు, అంతే. " ఆమె గొంతు పెంచలేదు. "నీకు ఎల్లుతలేదని నాతోని చెప్పాలె గద. హమాలీకి, జాగాకు ఎంతయితదో చెప్పు, కమిషన్ పెంచుత. అది నీకూ నాకూ ఉన్న లెక్క, రైతుకు సంబంధం లేదు. కిరాయి మాత్రం లారీ ఎంత తీస్కుంటే అంతే. లారీ రసీదు రైతు చేతిల పెట్టు."

"ధర పెంచకుంట కమిషన్ పెంచితె నీకేం మిగుల్తది?"

"పరదాకు కొంచెమే మిగుల్తది. పరదాలు ఎక్వ పోతె సాలు."

అతను బల్ల మీద వేలితో లెక్క వేసుకున్నాడు. చాయ్ వచ్చింది. అప్పటికి అమీనా నీళ్లు కూడా తాగింది. చివరికి రఘుపతి, "సరే చెల్లె. గని గీ సంగతి రైతులకు ఎట్ల తెలుస్తది? ఇంటింటికి పోయి చెప్పలేం గద" అన్నాడు.

దానికి జవాబు ఆమెకు తిరుగు బస్సులో దొరికింది.

ఇంటికి చేరి ముందు జాఫర్ ఎదుట పరదా పరిచింది. అతుకు మీద అతను వేలు రాసి చూసుకున్నాడు. ఆమె దెప్పలేదు. "కిందటేడు పంపినయన్ని గిట్లనే ఉన్నయా?" అని మాత్రం అడిగింది. కొన్నే అన్నాడు జాఫర్. అతను ఆ పొద్దు అన్నం ఆలస్యంగా తిన్నాడు. మర్నాటి నుంచి రెండు కుట్లు వేసి మైనం రుద్దనిదే ఏ పరదానూ మిషను మీంచి దించలేదు.

తర్వాత అమీనా పాత తెల్ల పరదా ఒకటి తీసుకుని లారీలకు నంబర్లు రాసే ఐలేశం దగ్గరికి వెళ్లింది. పైన పెద్ద అక్షరాలతో రాయించింది: 'పరదా ధర వేరు. కిరాయి వేరు. కిరాయి లారీ తీసుకున్నంతే.' దాని కింద, 'కొన్నవాళ్ల మాట' అని. ఆ కింద అంతా ఖాళీ.

"గింత జాగా ఉత్తగ ఇడిసిపెడ్తరా?" అన్నాడు ఐలేశం.

"ఉత్తగ ఉండదు. నువ్వు గూడ రంగు డబ్బ పట్టుకోని నాతోని బాదేపల్లికి రావాలె."

సంత రోజు ఆ పరదాను రఘుపతి దుకాణం పక్క గోడకు కట్టారు. జానయ్య కొత్త పరదా తీసుకోవడానికి వచ్చాడు. అతుకు ఎండకు పట్టి చూసుకున్నాడు, రింగు రింగూ గుంజి చూశాడు.

"పెద్దయ్యా, నీ మాట గీడ రాస్తం. ఏమని రాయమంటవు?"

"పాతది కారిందని రాయి."

రఘుపతి గతుక్కుమన్నాడు. అమీనా ఐలేశం వైపు తిరిగి, "రాయి" అంది.

"కొత్తది ఇచ్చిండ్రని రాయి. కిరాయి తీస్కోలేదని రాయి. ఇది మంచిదని మాత్రం ఇప్పుడే రాయకు. ఇంకా వాన సూడలే."

ఐలేశం ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాడు. కింద జానయ్య పేరూ, ఊరి పేరూ రాశాడు. ఆయన వెళ్లాక రఘుపతి ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"మన పరదా కారిందని మన గోడ మీద మనమే రాసుకుంటిమి. నవ్వుతరు చెల్లె."

"నవ్వనీ. చదివినంక లోపలికి వస్తరా రారా, గది చూడు."

వచ్చారు. చదవడం రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. కారిందన్న మాట దగ్గర నిజంగానే నవ్వారు. నవ్వి, కొత్తది ఇచ్చారన్న మాట దగ్గర ఆగారు. ఆగినవాళ్లు లోపలికి వచ్చి లారీ రసీదు చూపించమన్నారు. మధ్యాహ్నం ఒకతను వచ్చి, తనకూ పరదా చెడ్డది వచ్చిందని రాయమన్నాడు. ఎప్పుడు కొన్నావు, ఎంత కొలత అని అమీనా అడిగితే చెప్పలేక నీళ్లు నమిలాడు. "కొన్నోళ్ల మాటే రాస్తం తమ్మి. కొని చూడు, తర్వాత ఎంత తిట్టాల్నన్న తిట్టు" అంది. అక్కడున్న పదిమందీ నవ్వారు. అతను కూడా నవ్వి వెళ్లిపోయాడు.

వారం వారం పరదా మీద మాటలు పెరిగాయి. ఒకాయన బరువెక్కువుందన్నాడు. ఇంకొకాయన చెప్పిన రోజుకు రాలేదన్నాడు. చాలామంది కిరాయి ముచ్చటే చెప్పారు. అన్నీ గోడెక్కాయి. ఫోన్లు మళ్లీ మోగసాగాయి, జాఫర్ ఇంకో మిషను తెప్పించాడు.

ఆ చలికాలం ముగిసి యాసంగి కాయ వచ్చే రోజుల్లో అమీనా ఒక సంతకు వెళ్లింది. యార్డు నిండా కుప్పలు. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి పడమటి దిక్కు నల్లబడింది. గాలి లేచింది. రైతులు అటూ ఇటూ పరుగులు పెట్టారు. సగం మంది దగ్గర కప్పడానికి గోనెసంచులు తప్ప ఏమీ లేవు.

అమీనా రఘుపతి దుకాణంలోకి వెళ్లి అమ్మకానికి వచ్చిన కట్టలను చూసింది.

"తాళ్లు ఇప్పు అన్నా."

"అన్నీ? తడిసినంక కొత్త ధరకు ఎవరు కొంటరు?"

"వానలో తడవని పరదా ఎందుకు? ఇప్పు."

రఘుపతి తాళ్లు విప్పాడు. ఇద్దరూ భుజాన వేసుకుని పరుగెత్తారు, హమాలీలు కూడా కలిశారు. దగ్గరున్న కుప్పల మీద దగ్గరున్న పరదా పడింది. ఎవరిది ఏ కుప్పో ఎవరూ అడగలేదు. శ్యామలమ్మ అనే ఆమె ఒంటరిగా కాయ తోలుకొచ్చింది. గాలికి పరదా లేచిపోతుంటే అమీనా ఒక మూల మీద, ఆమె ఇంకో మూల మీద కూర్చున్నారు. వాన దంచి కొట్టింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు గానీ మూలలు వదల్లేదు.

వాన వెలిశాక శ్యామలమ్మ పరదా ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూసింది. పిడికెడు కాయ తీసి అరచేతిలో ఆడించింది. గలగల మంది.

"పొడిగనే ఉన్నయి" అంది. ఆ తర్వాత ముఖం మీది నీళ్లు తుడుచుకుంటూ, "గని అమీనమ్మా, గీ రింగులు గింత ఎడం ఎడం ఎందుకు పెట్టిండ్రు? నడుమ గాలి జొచ్చి ఎత్తుతాంది. మనం కూసోకుంటే ఎగిరిపోతుండె. నాకొకటి కావాలె, రింగులు దగ్గర దగ్గర ఏసి పంపుండ్రి" అంది.

అమీనా ఆ అంచును చేతిలోకి తీసుకుని రెండు రింగుల మధ్య జానతో కొలిచింది. నిజమే, లారీలకు ఆ దూరం సరిపోతుంది. లారీకి చుట్టూ కొక్కాలుంటాయి, బిగించి కట్టొచ్చు. కల్లంలో కుప్పకు అవి ఎక్కడివి? ఇన్నాళ్లూ లారీ పరదానే కొలత మార్చి రైతులకు అమ్ముతున్నామని అప్పుడు తట్టింది ఆమెకు. తప్పు పట్టించుకున్నట్టు అనిపించలేదు, మంచి బేరం దొరికినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం తడిసిన పరదాల్లో చాలా వరకు కప్పినవాళ్లే కొనుక్కున్నారు. వద్దన్నవాళ్లు దులిపి, మడిచి తెచ్చి ఇచ్చారు. వాటిని రఘుపతి దుకాణం ముందర తాడు కట్టి ఆరేశాడు. ఎవరైనా అడిగితే, "వాన చూసిన మాల్" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట అతనికి ఎవరూ నేర్పలేదు.

అమీనా ఆరీ ఆరని చీరతోనే బస్సెక్కి ఇంటికి వచ్చింది. జాఫర్ కొత్త మిషనుకు నూనె పోస్తున్నాడు. ఆమె సంగతంతా చెప్పి, పీట మీద పరదా అంచు పరిచి, జానెడు చొప్పున సుద్దముక్కతో గుర్తులు పెట్టింది.

జాఫర్ ఆ గుర్తులను చూశాడు. "గిన్ని రింగులా? పని రెండింతలయితది."

"అయితది" అంది అమీనా. "మొదటిది శ్యామలమ్మకు. కిరాయి నేను రేపు లారీ కాడ మాట్లాడుత."

అతను ఇత్తడి రింగుల డబ్బా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.