అట్ట మీద 1971

నేను ఒక గ్రామఫోన్ రికార్డును. నా అట్ట వెలిసిపోయి ఉంటుంది, మూల నలిగి ఉంటుంది, మధ్యలో కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక కూడా ఉంటుంది. అది చూసి నన్ను పెద్దదాన్నని గౌరవించకండి. నేను పుట్టింది కిందటి ఏడాది, ఫ్రాన్సులో. ఆ మరక అచ్చువేసిన మరక.

నన్ను కన్నది ఓదిల్ వెర్నే అనే గాయని. వయసు ఇరవై ఎనిమిది. ప్రేమ మీద ఫ్రెంచిలో పదకొండు పాటలు తానే రాసి, తానే బాణీలు కట్టి, తాతల కాలం నాటి పద్ధతిలో పాడింది. కొత్త యంత్రాల మీద శుభ్రంగా రికార్డు చేశాక, పనిగట్టుకుని గరగర చప్పుడు కలిపారు. పైగా అట్ట మూలన నీలిసిరా చేతిరాతలా 'నీకే, ఎప్పటికీ – 1971' అని ఫ్రెంచిలో అచ్చు వేయించారు. ఒకే ప్రేమ, ఒకే రోజున రెండువేల ప్రతులు. అప్పటినుంచీ ప్రేమ అనే మాట ఎవరన్నా నాకు అనుమానమే.

నన్ను తెప్పించుకున్నది యానాంలో సూర్యచంద్రంగారు. వయసులో ఉండగా ఫ్రాన్సులోని మార్సెయి రేవులో మూడేళ్లు పనిచేసి 1972లో తిరిగొచ్చిన మనిషి. ఊళ్లో తనతో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు కరువైపోయారని, అందుకే ఈ పాటలు తెప్పించానని భార్య నూకరత్నంతో చెప్పారు. ఆవిడ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. భాష కోసం వినే మనిషి అన్ని పాటలూ వింటాడు. ఈయన మూడో పాటే వింటారు, కళ్లు మూసుకుని.

ఆవిడకు ఫ్రెంచి రాదు గానీ అంకెలు వచ్చు. పెళ్లైన కొత్తలో 'అక్కడెవరైనా ఉండేవారా' అని అడిగితే, 'ఓడలు తప్ప ఏమీ చూడలేదు' అన్న మనిషాయన. నా మూలన 1971 కనబడేసరికి ఆవిడ నన్ను కొంగు కింద దాచి అబ్బులుగారి దగ్గరికి తీసుకెళ్లింది.

అబ్బులుగారు ఫ్రెంచి పింఛనుదారులకు అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషి. నలభై ఏళ్లుగా ఆయన చేతికి వచ్చిన ఫ్రెంచి కాగితమల్లా దస్తావేజే. భూతద్దం పెట్టి చూసి, తెల్లకాగితం మీద తెలుగులో ఇలా రాశారు: 'తమరికే, సర్వకాలములయందును చెల్లునట్లుగా సమర్పించడమైనది. సంవత్సరం 1971.' కింద ముద్ర కూడా గుద్దారు.

"ఆడదాని రాతేనాండి?" అంది నూకరత్నం.

"ఆయ్, ఖాయంగా ఆడమనిషిదేనండి. యాభై ఏళ్ల నాటి అసలు రాత. కోర్టులో పెట్టినా నిలబడుద్దండి."

నిన్నగాక మొన్న పుట్టానని అరవాలనిపించింది. ముల్లు పెడితేగానీ నోరు పెగలని జాతి మాది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ బట్టలు సంచిలో సర్దుకుంది. కాకినాడలో తమ్ముడింటికి పోతున్నానని చెప్పి, ఆ కాగితాన్ని భర్త ముందు పడేసింది. నలభై తొమ్మిదేళ్ల కాపురం గుమ్మం దాకా వచ్చేసింది. సూర్యచంద్రంగారు చదివి పగలబడి నవ్వారు. అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉన్న కిందటి ఏడాది అంకె చూపించారు. ఫోనులో దుకాణం తెరిచి, అదే మరక, అదే రాత ఉన్న మరో అట్ట చూపించారు. ఆవిడ సిగ్గుపడి సంచి కింద పెట్టింది. నాకు మాత్రం ఆయన అంత గట్టిగా నవ్వడం నచ్చలేదు.

"అయితే ఆ మూడో పాటలో ఏవుందో నాకూ చెప్పండి," అంది ఆవిడ.

ఆయన ముల్లు పెట్టారు. ఒక్కో వరుసా తెలుగులో చెప్పుకుంటూ వచ్చారు. 'తిరిగొస్తానని ఓడెక్కావు, నేనింకా రేవులోనే ఉన్నాను' అని నేను పాడిన చోట ఆగిపోయారు.

"అక్కడ ఏవందండి?"

"ఏవో... అర్థం కాలేదే."

రాత అబద్ధం, మరక అబద్ధం, అబ్బులుగారి ముద్ర అంతకన్నా అబద్ధం. ఆవిడ అనుమానం ఒక్కటే అసలు సరుకు. ఆవిడ భర్త ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆవిడ పేరేంటండి?"

పాట అయిపోయింది. నాలుగో పాటకు ముందున్న ఖాళీలో ముల్లు గరగరలాడుతోంది.

"మదలేన్," అన్నారాయన, నేల చూస్తూ.

నూకరత్నం లేచింది. నన్ను విరిచేస్తుందనే అనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని, సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుని, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ మొదట్నుంచీ పెట్టండి. ఈసారి ఏదీ వదలకండి."