మగ్గాలు ఆపింది ఎవరి కోసం

మైకక్క అంటే ఆ నేత మిల్లులో తెలియనివాళ్లు లేరు. ఏళ్ల తరబడి మరమగ్గాల మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకుంది. తన గొంతు తనకే వినపడక అందరికన్నా గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు. దానికి ఆమెకేం కోపం లేదు. "మైకైతే నయమే, కరెంటు పోతే ఆగుతుంది. నేను ఆగను" అని తనే అంటుంది.

షెడ్డులో ఉన్నంతసేపూ ఆమెకు వినపడదన్న సంగతి ఎవరికీ గుర్తు కూడా ఉండదు. మగ్గాలు నడుస్తుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు మరి. అందుకే నేసేవాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందనీ, మేస్త్రి వస్తున్నాడనీ, మేస్త్రి భార్య మళ్లీ అలిగి పుట్టింటికి వెళ్లిందనీ, అన్నీ చేతులతోనే. ఆ ముచ్చట్లలో మైకక్కను మించినవాళ్లు లేరు.

ఇంతలో కొత్త మేనేజరు దిగాడు. ప్రమాదం గంట వినపడనివాళ్లు మగ్గాల దగ్గర ఉండకూడదనీ, మైకక్క మూటలు కట్టే గదికి వెళ్లాలనీ అన్నాడు. ఆమె ఒళ్లు భగ్గుమంది. నాలుగు మగ్గాలను ఒక్కతే నడిపే మనిషి మూటలకు తాళ్లు బిగించుకుంటూ కూర్చోవాలా? "గంటతో పాటు ఓ ఎర్ర లైటు పెట్టండి, చూసుకుంటాను" అంది. విచారణ చేసి తేలుస్తామన్నారు.

ఆ విచారణ షెడ్డులోనే పెట్టారు. మేనేజరు మాట అందరికీ వినపడాలని మగ్గాలన్నీ ఆపించారు. మైకక్క పక్కన ఆమె తోడికోడలు నిలబడింది. ఆమెదీ అక్కడే పని. మేనేజరు నోరు తెరవగానే తోడికోడలి చేతులు కదిలాయి.

"ఈ సైగలేంటి?" అన్నాడు మేనేజరు. "నేనొకటి అంటే ఈవిడ ఇంకొకటి చెప్తే? ఆపండి."

"మరి మీరేమంటున్నారో అక్కకెలా తెలుస్తుంది సార్?" అంది తోడికోడలు.

"మాట్లాడే హక్కు ఆవిడకుంది. నేనేమన్నా అడ్డుపడ్డానా? ఎంతసేపైనా మాట్లాడమను. అంతేగానీ నా మాట ఆవిడకు అందించే పూచీ నాది కాదు."

తోడికోడలు గబగబా చేతులతో చెప్పిన ఆఖరి ముక్క అదే. మేస్త్రి వచ్చి ఆమెను పక్కకు జరిపాడు.

మేనేజరు మాట్లాడుతూ పోయాడు. పెదవులు చూసి పట్టుకుందామంటే గుబురు మీసం అడ్డం. మైకక్క చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూసింది. ఒకామె తల దించుకుంది. ఇంకొకతను అయ్యో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తన బతుకు సంగతి తన ఎదురుగానే తేలిపోతోంది, అదేమిటో తనకు తప్ప అందరికీ తెలుస్తోంది. ఏడుపు రాలేదు ఆమెకి. కడుపు మండిపోయింది.

మేనేజరు ఆగి, ఇక నువ్వు చెప్పు అన్నట్టు ఆమెవైపు చెయ్యి చాచాడు.

"ఏం చెప్పను?" షెడ్డు రేకులు అదిరేలా అరిచింది. "దేనికి జవాబివ్వాలో తెలియకుండా ఏం వాగమంటారు? అడ్డుపడలేదట, గొప్పే! మీ మాట వీళ్లకు వినపడాలని ఇన్ని మగ్గాలు ఆపారే, ఆ పూచీ ఎవరు పడ్డారు? వీళ్లకోసం మిల్లే ఆపొచ్చు గానీ, నాకోసం రెండు చేతులు కదిలితే కొంప మునిగిందా?"

మేనేజరు ఏదో అనబోయాడు. ఆమె వెనక్కి తిరిగి తన మగ్గం పిడి లాగింది. మగ్గం దడదడమంటూ లేచింది. తర్వాత రెండోది, మూడోది. మేస్త్రి పరుగెత్తుకొచ్చేలోపు తోడికోడలు కూడా తన మగ్గం దగ్గరికి చేరింది. ఆ వెనక వరస వాళ్లు, ఆ పక్క వరస వాళ్లు. కాసేపట్లో షెడ్డంతా మోతే మోత.

ఇక చూడాలి మేనేజరు అవస్థ! మెడ నరాలు పొంగేలా అరుస్తున్నాడు, ఒక్క మాటా ఎవరికీ చేరడం లేదు. చుట్టూ చేతులు ఆడుతున్నాయి, పళ్లు బయటపెట్టి నవ్వుకుంటున్నారు. ఆ మాటలు తన గురించేనని తెలుస్తోంది, ఏమంటున్నారో తెలియడం లేదు. చివరికి మేస్త్రి చొక్కా పట్టుకు లాగి అతని చెవిలో ఏదో అడిగాడు. మేస్త్రి మైకక్కవైపు తిరిగాడు.

"మీరంతా ఏమంటున్నారో చెప్పమంటున్నాడు. చెప్పనా?" అన్నాడు చేతులతో.

"చెప్పు," అంది ఆమె కూడా చేతులతోనే. "ఒక్క ముక్క వదలకుండా చెప్పు. పాపం, ఆయనకూ తెలియాలిగా."

మేస్త్రి చెప్పాడు. మేనేజరు తోడికోడలిని వేలితో పిలిచి, మైకక్క పక్కన నిలబడమన్నట్టు చూపించాడు. అప్పుడు గానీ మైకక్క తన మగ్గాలు ఆపలేదు. మిగతావీ ఒక్కొక్కటే ఆగాయి.

"ఇప్పుడు మొదట్నుంచి చెప్పండి," అంది మైకక్క. "ఇందాక నాకు తెలియకుండా అన్నవన్నీ చెప్పండి. ఒక్కోదానికీ జవాబిస్తా. లైటు పెట్టండి, ఈ మగ్గాల దగ్గర్నుంచి మాత్రం నేను కదిలేది లేదు."