పన్నెండు వందల చుక్కలు

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మా ఆయన నాగరాజు స్కానర్ కూడా ఉన్న ప్రింటర్ ఒకటి కొన్నాడు. డబ్బా కూడా విప్పకుండా తిరిగి విమానం ఎక్కాడు. వైరు అక్కర్లేదట, ఫోన్ నుంచే పనిచేస్తుందట. కొనడంలో ఉన్న హుషారు విప్పడంలో ఉండదు ఆయనకు.

నేనూ దాని జోలికి పోయేదాన్ని కాదు. ఒకరోజు అత్తమ్మ బాలవ్వ తన వక్కాకుల సంచిలోంచి బొటనవేలంత ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. నలుపు తెలుపుది, వాళ్ల అవ్వది, అంటే కన్నతల్లిది. ఆమెకున్న ఫోటో అదొక్కటే.

"కండ్లల్ల పొర వచ్చింది బిడ్డా. గింత ఫోటోల ఏం కనవడ్తలేదు. జర పెద్దగ తియ్యరాదు? అవ్వ మొకం మర్శిపోతున్న," అంది.

డెబ్బై ఏళ్ల మనిషి ఆ మాట అంటుంటే కాదనలేకపోయాను. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అమావాస్య దగ్గర పడుతోంది. అన్నదమ్ములు లేరు కాబట్టి అవ్వ పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చేది ఈమే. ఆ రోజుకు ఫోటో ఎదురుగా ఉండాలని ఆశ.

డబ్బా విప్పాను. ప్రింటర్ దొరకలేదంటుంది ఫోన్. ఎదురుగా బండలా కూర్చున్నది దొరకకపోవడమేమిటి? నాగరాజుకు వీడియో కాల్ చేసి నాలుగు తిట్టాను. ఆయన తీరిగ్గా చెప్పాడు. మన రౌటర్ రెండు వైఫైలు ఇస్తుంది, పేరు చివర ఐదు ఉన్నది ఈ ప్రింటర్‌కు అందదు, ఫోన్‌నూ ప్రింటర్‌నూ రెండోదానికే కలుపు అని. కలిపాను. రౌటర్ దానికి ఐపీ అడ్రస్ ఇచ్చింది. ఇంటి నంబరు లాంటిదే, అది ఉంటేనే పంపింది చేరుతుంది.

ఇక మొదలుపెడదామంటే అత్తమ్మ ఆపింది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టాలి. మామయ్య పోయినప్పటి నుంచి తను కుంకుమ ముట్టదు. అందుకే గడప దగ్గర నిలబడి నన్ను పెట్టమంది. మూత మీద బొట్టు పెట్టి, అదే చేత్తో మూత ఎత్తి ఫోటోను లోపలి అద్దం మీద బోర్లించి, నలుపు తెలుపులో స్కాన్ చేశాను. పెద్దది చేస్తే ముఖమంతా మసక.

రిజల్యూషన్ పెంచమన్నాడు నాగరాజు. అంగుళంలో మిషన్ ఎన్ని చుక్కలుగా చూస్తుందో, ఆ లెక్క. మూడు వందలున్నదాన్ని పన్నెండు వందలు చేసి, పాత ఫోటో అయినా కలర్‌లోనే తియ్యమన్నాడు. ముగ్గేసే చేతికి ఇది వేరే చెప్పాలా? చుక్కలు తక్కువైతే పువ్వు కూడా పెట్టెలాగే వస్తుంది.

ఈసారి మిషన్ లోపల వెలుగు నింపాదిగా పాకింది. దూరం నుంచి కూడా పనిచేస్తుందేమో చూద్దామని వంటింట్లోకి పోయి ఫోన్‌లో ప్రింట్ నొక్కాను. మధ్యలో గోడ ఉంది, తీగ లేదు. ముందుగదిలో ప్రింటర్ దానంతటదే కాగితం లాక్కుంది. అత్తమ్మ గాలిలో చెయ్యి ఆడించి చూసింది.

"గీడికెల్లే వొయ్యిందా అవ్వ?" అంది.

గాలిలోంచి మనిషి నడిచిపోయినట్టు అడిగింది. రోజూ వాడే వైఫైని నేనెప్పుడూ అలా చూడలేదు.

కాగితం మీద ముందు నెరిసిన పాపిడి వచ్చింది. తర్వాత నుదురు. నుదుటి మీద ఎర్రగా బొట్టు.

అత్తమ్మ కడుపులో ఉండగానే వాళ్ల బాపు పోయాడు. అవ్వను బొట్టుతో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇద్దరం కాగితం మీదికి వంగాం.

కాసేపటికి నాకు అర్థమైంది. నా వేలి నుంచి అద్దం మీద రాలిన కుంకుమ నలుసు అది. మొదట మసకలో కలిసిపోయింది, ఇప్పుడు పెద్దదై సరిగ్గా కనుబొమల నడుమ నిలిచింది. ఎట్లా వచ్చిందో తెలిసినా నా ఆశ్చర్యం పిసరంతైనా తగ్గలేదు. పొరపాటైంది, అద్దం తుడిచి మళ్లీ తీస్తానని గుడ్డ తెచ్చాను.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. కాగితం మీంచి చూపు తిప్పలేదు.

"తుడువకు బిడ్డా. ఒక్కపారి తుడిచిండ్రు, సాలు."

గుడ్డ పక్కన పెట్టి, అలాంటిదే ఇంకో కాపీ తీశాను.