రొట్టెలో దిగిన పుస్తకాలు

మొదట్లో బొనారియా దగ్గర ఉన్నది ఆరు వందల నలభై యూరోలు. రెండు వేసవులు సముద్రం ఒడ్డు హోటల్లో దుప్పట్లు మార్చి కూడబెట్టిన డబ్బు. దాంతో సొంత ఊళ్లో పుస్తకాల కొట్టు పెడతానంది. అదీ తమ సార్డీనియా దీవి చరిత్ర, సార్డీనియా సాహిత్యం తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు. ఆ ఊరు లొదునె, కొండ మీద ఉంటుంది. తొమ్మిది వందల పన్నెండు మంది మనుషులు, పదకొండు వేల గొర్రెలు. లెక్క బొనారియాదే.

"గొర్రెలకి కూడా చదువొస్తే నీ వ్యాపారం నడుస్తుందే పిల్లా," అంది రొట్టెల బట్టీ దగ్గర ఆమెతో పనిచేసే ఫిలుమెనా.

ప్రతి బుధవారం పొద్దున్నే త్సియా మల్లేనా ఇంట్లో రొట్టెల బట్టీ వెలిగేది. వరస ఉన్నా లేకపోయినా ఊళ్లో పెద్దవాళ్లందరూ త్సియాలూ త్సియులే, అంటే పిన్నులూ బాబాయిలూ. డెబ్బై ఎనిమిదేళ్ల మల్లేనా అందరికంటే పెద్ద త్సియా. కోడలు ఫిలుమెనా పిండిని పళ్లెమంత వెడల్పుగా, పైట చెంగంత పల్చగా ఒత్తేది. త్సియా దాన్ని చెక్క తెడ్డు మీద బట్టీలోకి తోసేది. పది లెక్కపెట్టేలోగా రొట్టె బుడగలా పొంగేది. దాన్ని అందుకుని, అంచు వెంట కత్తి ఆడించి, వేడి మీదే రెండు పలకలుగా విడదీయడం బొనారియా పని. పై పలకలది ఒక దొంతర, కింది పలకలది ఒక దొంతర. పై దొంతర ఎగువ వీధికి, కింది దొంతర దిగువ వీధికి. త్సియా అత్తగారి కాలం నుంచీ పంపకం అలాగే జరుగుతోంది.

బట్టీ పక్క గోడలో ఒక గూడు ఉంది. ఈ దీవి గురించి రాసిన మంచి పుస్తకాన్ని అందులో తెరిచి పెడితే, ఆ పేజీలు రొట్టెలోకి దిగుతాయి. రొట్టె విడదీస్తే పై పలక లోపల ఎడమ పేజీ, కింది పలక లోపల కుడి పేజీ, దోరగా వేగిన అక్షరాల్లో కనిపిస్తాయి. పుస్తకంలో సరుకు లేకపోతే రొట్టె మామూలు రొట్టెలాగే వస్తుంది. రుచిలో తేడా ఉండదు. చాలా ఏళ్లుగా ఆ గూట్లో ఉన్నది త్సియా మామగారి పాత పంచాంగం ఒక్కటే కాబట్టి, ఊరంతా అమావాస్యలూ విత్తనాల తేదీలూ జున్ను ముక్కతో కలిపి నములుతూ ఉండేది.

కొట్టు పెట్టడానికి బొనారియా కన్ను పాత పోస్టాఫీసు గది మీద పడింది. యాభై మంది పెద్దలు సంతకాలు పెడితే ఏడాది పాటు అద్దె లేకుండా ఇస్తానంది మేయరమ్మ. గడువు సెప్టెంబరు చివరి బుధవారం, మధ్యాహ్నం పన్నెండు. సంతకాలు చాలకపోతే ఆ గదిలో మేయరమ్మ మరిది టైర్లు పెట్టుకుంటాడు.

వారం రోజులు ఇల్లిల్లూ తిరిగితే ఏడు సంతకాలు వచ్చాయి. అందులో ఒకటి వాళ్లమ్మది.

"ఏడంటే పద్నాలుగు శాతం," అంది బొనారియా.

"మీ అమ్మని తీసేస్తే?"

"పన్నెండు."

"టైర్ల గురించి చెడ్డగా మాట్లాడకు మరి. రేపు వాటి పక్కన నడవాల్సినదానివి," అంది ఫిలుమెనా.

అందరూ అడిగింది ఒకటే మాట. నువ్వు తెచ్చేవి మంచి పుస్తకాలని ఎవరు చెప్పారు? అది సబబైన ప్రశ్నే అనిపించింది బొనారియాకి. రేవు పట్నంలో దుకాణాలన్నీ వెతికింది. బల్ల మీద పేర్చినవన్నీ బందిపోట్ల కథలు, లేదా ఏ ఇసుక తెల్లగా ఉంటుందో చెప్పే పుస్తకాలు. "ఓడ దిగినవాళ్లు కొనేవి ఇవేనమ్మా. రాసినవాళ్లు కూడా ఓడ దిగినవాళ్లే," అన్నాడు దుకాణదారు. అతని వెనక గదిలో దుమ్ము కొట్టుకుపోయిన అరలోంచి కొన్ని ఏరింది. చర్చి ఫాదరు ఇంట్లోంచి కొన్ని, పోయిన బడిపంతులు భార్య అటక మీంచి కొన్ని తెచ్చింది. మొత్తం ముప్పై ఒకటి.

బుధవారం వచ్చినప్పుడల్లా కొన్ని పుస్తకాల్ని, ఒక్కోదాన్ని రెండు రొట్టెలసేపు గూట్లో పెట్టి చూసింది. బంగారు అంచుల లావుపాటి చరిత్ర ఒకటి నలభై ఎనిమిది యూరోలు పెట్టి కొన్నది. రెండు రొట్టెలూ చంద్రుడిలా తెల్లగా వచ్చాయి.

"నలభై ఎనిమిది యూరోల రొట్టె. ఒక్క తునక కూడా కింద పడనివ్వకండి," అంది ఫిలుమెనా.

ముప్పై ఒకటిలో తొమ్మిది దిగాయి. అన్నిటికంటే చిక్కగా దిగింది అట్ట ఊడిపోయిన సన్న పుస్తకం. ఉమ్మడి బీళ్లకి అడ్డంగా గోడలు లేచిన రోజుల్లో ఈ కొండల మీద ఏం జరిగిందో ఆ కాలపు బడిపంతులు ఒకాయన రాసింది. త్సియా మల్లేనా ఒక పలక వెలుతురులో పట్టుకుని చదివింది. తెడ్డు పక్కన పెట్టి మళ్లీ చదివింది.

"పంచాంగం తీసెయ్యి. ఇక నుంచి ఇదే," అంది.

పొద్దున్నంతా కాల్చేలోగా ఎనిమిదిసార్లు పేజీ తిప్పేవారు. ముగ్గురూ అలవాటు కొద్దీ దొంతరలు ఎప్పటిలాగే పేర్చారు, ఎప్పటిలాగే పంపారు. అంటే ఎగువ వీధికి అన్నీ ఎడమ పేజీలే, దిగువ వీధికి అన్నీ కుడి పేజీలే వెళ్లాయి. ఈ సంగతి వాళ్లకి తట్టనే లేదు.

శుక్రవారం సాయంత్రం ఎగువ వీధి కాపరి ఒకడు గుడ్డలో రొట్టె చుట్టుకుని దిగువ వీధి నీళ్ల కొళాయి దగ్గరికి వచ్చాడు.

"గోడ కట్టించినాయన ఇంటి తలుపు ఎవరో కొట్టారు. అక్కడితో ఆగిపోయింది. ఎవరు కొట్టారు?"

"మా దాంట్లో తలుపు తీసినప్పటి నుంచే ఉంది," అంది ఒకావిడ. "అసలు గోడ ఎందుకు కట్టాడు?"

"అది నా దగ్గరుంది. మీది ఇవ్వు, మాది ఇస్తాను."

"మాది మా ఆయన తినేశాడు."

"ఏముంది అందులో?"

ఆవిడ భర్త ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "బాగుంది," అన్నాడు.

తర్వాతి వారానికి కొళాయి దగ్గర నలభై మంది చేరారు. ఎడమ పలకలవాళ్లు ఒక మెట్టు మీద, కుడి పలకలవాళ్లు ఇంకో మెట్టు మీద కూర్చుని వంతులవారీగా పైకి చదివేవారు. అయ్యాకే తినాలని ఒప్పందం. ఆ ఒప్పందం తప్పినవాడికి మిగతావాళ్లు చేసే మర్యాద ఇక్కడ రాయదగింది కాదు.

మూడో వారం జనం బొనారియాని పట్టుకున్నారు. పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందన్నారు.

"నూట డెబ్బై ఆరు పేజీలు. వారానికి పదహారు. మొత్తం పదకొండు వారాలు," అంది. "కొట్టు ఉంటే ఒక్క రోజు."

ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. మిగిలినవాళ్లలో కొందరు మందలతో పై కొండల్లో ఉన్నారు, కొందరు టైర్ల వైపు ఉన్నారు, ఎక్కువమందికి కొట్టైనా టైర్లైనా ఒకటే. సెప్టెంబరు చివరి బుధవారం తెల్లారేసరికి కాగితం మీద నలభై తొమ్మిది.

ఆ పొద్దున త్సియు బాకిస్ బట్టీ గదిలోకి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల ఒంటరి కాపరి. మాటలు తక్కువ మనిషి.

"రొట్టె కావాలంటే పదింటికి రా బాకిస్," అంది త్సియా మల్లేనా.

"రొట్టె కోసం కాదు." కోటు లోపల్నుంచి బడి పిల్లల నోటుబుక్కు తీశాడు. "మంద దగ్గర కూర్చుని రాసుకున్నవి. నలభై ఏళ్లవి. ఎవరికీ చూపించలేదు. గూడు ఖాళీగా ఉందా?"

బొనారియా కాగితం ముందుకు జరిపింది. "ముందు ఇది చూడండి త్సియు. ఒక్క సంతకమే తక్కువ. గడువు పన్నెండింటికి."

"ఇది దిగితే పెడతాను. దిగకపోతే ఆ పుస్తకాల కొట్టు ముందు నుంచి రోజూ ఏ మొహంతో నడవనమ్మాయీ? టైర్లుంటే నాకు ఇబ్బంది లేదు."

"మీకు బండే లేదుగా," అంది ఫిలుమెనా.

"అందుకే ఇబ్బంది లేదంటున్నాను."

బొనారియా వాదించలేదు. నోటుబుక్కు మధ్యకు తెరిచి గూట్లో పెట్టింది. రొట్టె లోపలికి వెళ్లింది. పొంగింది. బయటికి వచ్చింది. అంచు కోసి, కింది పలకని అలవాటు కొద్దీ దొంతర మీద బోర్లించి, పై పలక ఎత్తి చూసింది. లోపల తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

ఫిలుమెనా అప్పడాల కర్ర ఆపేసింది. త్సియు బాకిస్ కాసేపు ఆ తెల్లదనం కేసి చూశాడు.

"సరేలే. గొర్రెలు ఎప్పుడూ వంకపెట్టలేదు," అని టోపీ పెట్టుకున్నాడు.

"కూర్చో," అంది త్సియా మల్లేనా. "చూసింది సగం రొట్టే కదా. అమ్మాయీ, రెండోది తిప్పు."

బొనారియా చేతులు కాలుతున్నా ఊదుకోకుండా కింది పలక తిప్పింది. ఎనిమిది పాదాల పద్యం, ఒక్క అక్షరం మాడకుండా, వంకర చేతిరాతతో సహా దిగింది.

"ఎడమ పేజీలన్నీ ఖాళీగా వదిలేశారా?" అంది బొనారియా.

"సిరా అవతలికి ఊరేది. అందుకని ఒక పక్కే రాశాను," అన్నాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.

చివరి రెండు పాదాలు బొనారియా పైకి చదివింది.

"గంట మోగుతూనే ఉంది, గొర్రె మాత్రం లేదు.
దాన్ని కూడా లెక్కలో కలుపుకునే ఇంటికి వస్తాను."

త్సియు బాకిస్ టోపీ తీసి, పిండి బస్తా మీద కూర్చున్నాడు.

"ఇది దిగువ వీధికి పంపొద్దత్తా," అంది ఫిలుమెనా, కర్ర మళ్లీ అందుకుంటూ. "తినేస్తారు."

ఆయన సంతకం పెట్టడానికి మూడు నిమిషాలు పట్టింది. బొనారియా పది నలభైకి మేయరమ్మ బల్ల మీద కాగితం పెట్టింది, పదకొండుంపావుకి తాళంచెవి తెచ్చుకుంది. తిరిగి వచ్చేసరికి త్సియు బాకిస్ ఆ పలక ఒళ్లో పెట్టుకుని అక్కడే ఉన్నాడు. ముక్క కూడా విరవలేదు.

"ఎన్ని ఉన్నాయి త్సియు, ఇలాంటివి?"

"లెక్కపెట్టలేదు."

బొనారియా లెక్కపెట్టింది. తొంభై రెండు. పేజీకి ఒకటి చొప్పున వేస్తే నూరు పేజీల లోపే. పుస్తకాలకి పోను ఆమె దగ్గర మిగిలింది డెబ్బై ఒక్క యూరోలు.

"ఈ రెండూ నాకు సాయంత్రం దాకా ఇస్తారా?" అంది, నోటుబుక్కునీ పలకనీ చూపిస్తూ.

"దేనికి?"

"నువోరో పట్నంలో ఒకాయనకి అచ్చాఫీసు ఉంది. భోజనాలయ్యాక మూడింటికి తెరుస్తాడు. రెండు వందల కాపీలకి ఎంతవుతుందో కనుక్కుంటాను. ఈ పలక చూపించి, వాయిదాల్లో తీసుకుంటాడేమో కూడా అడుగుతాను."

"తాళం ఇప్పుడే వచ్చింది. కొట్టు తెరవవా?" అంది ఫిలుమెనా.

"రేపు తెరుస్తాను."

త్సియు బాకిస్ పలకని శుభ్రమైన గుడ్డలో తనే చుట్టి, ముడి వేసి, ఆమె చేతుల్లో పెట్టాడు. "ఎండలో పెట్టకు," అన్నాడు.

పన్నెండున్నర బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టింది. బొనారియా నోటుబుక్కు చంకలో పెట్టుకుని, రొట్టె రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆపడానికి చెయ్యి ఖాళీ లేక, రోడ్డు మధ్యకి నడిచి నిలబడింది.